ఠాణాలో చాపకూడు

(నరసరావుపేటలో గుఱ్ఱం జాషువా మహాకవి స్మృత్యర్థము చేసిన ఉపన్యాసము)



వినుకొండలో 1895వ సంవత్సరమున జన్మించి, 'గబ్బిలము'చేత తెలుగుదేశపు మనస్సాక్షిని తట్టి లేపి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందుకొని, 1971లో గుంటూరున కన్నుమూసిన మహాకవి పేర జరుగు సభలో, జీపులును తుపాకులును గల పోలీసు సినిమాలను గూర్చి ప్రసంగించుట మర్యాదకు లోపము కాదా యని, నన్ను పిలువవచ్చిన మిత్రులను మొదట నేనే అడిగితిని. వారు నవ్వి యూరకుండిరి. ఇంటికి పోయిన పిమ్మట నాకొక విషయము జ్ఞప్తికి వచ్చినది. జాషువాగారు 1915, 16 ప్రాంతమున, ఇరువదియేండ్ల పడుచువయస్సులో, బ్రతుకుతెరువునకై రాజమహేంద్రవరము చేరి మూకీ చిత్రములకు వాచకులుగా పనిచేసినారు. తెరపై బొమ్మలు పెదవులు మాత్రమే కదపుచుండగా, ప్రక్కన చీకటిలో నిలిచి, రాజునకు రాజుగను, దొంగకు దొంగగను, ఏడ్చెడి తల్లికి తల్లిగను, తఱిమెడి సిపాయికి సిపాయిగను గొంతునిచ్చుట ఆ యుద్యోగము. వెలుగంతయు తెరమీదను, మాట యంతయు చీకటిలోను ఉండెడి ఆ యేర్పాటును తలంచుకొన్నప్పుడు, ఈ నాటి నా ప్రసంగవిషయమును జాషువాగారే నిర్ణయించి యిచ్చినట్లు నాకు తోచినది.

'వైవిధ్యము', 'ప్రాతినిధ్యము' అను రెండు మాటలు నేటి సినిమా చర్చలలో తఱచుగా వినబడుచున్నవి. ఒక పోలీసు కథలో స్త్రీలెందఱు, దళితులెందఱు, ముస్లిములెందఱు, గిరిజనులెందఱు అని తలలు లెక్కించి మార్కులు వేయుట ఒక పద్ధతి. జనాభా లెక్కల గుమాస్తాకు అది చాలును. టిక్కెట్టు కొని హాలులో కూర్చుండినవానికి చాలదు. స్టూడియోలో వేసిన ఠాణాగుమ్మమున సెంట్రీగా నిలిచినవాడు ఏ వాడనుండి వచ్చినవాడైన నేమి, మూడుగంటల కథలో సెల్యూటు కొట్టుటకు దప్ప వాని చేయి లేవనప్పుడు, 'సార్' అనుటకు దప్ప వాని నోరు విడివడనప్పుడు? నేనడుగదలచిన ప్రశ్న వేఱు. కథ ఎవరి నోట నున్నది? దీనికి ఉత్తరము వెదకుటకు హైదరాబాదు స్టూడియోలకంటె ముందు కారెంపూడికి పోవలెను. అది మనకు దగ్గఱయు గూడ.

పండ్రెండవ శతాబ్దపు చివర అచ్చట నాగులేటి యొడ్డున జరిగిన పల్నాటి యుద్ధమును కోడిపందెముతో ముదిరిన దాయాదుల కలహముగా మనము చెప్పుకొనుచుందుము. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అక్కడ మంత్రాంగము నాయకురాలు నాగమ్మది, ఇక్కడ బ్రహ్మనాయునిది. రాజులను కొంచెము ప్రక్కకుంచి ఆ కథలోని సైన్యమును పరికింపుడు. బ్రహ్మనాయుని బలగమునకు ముందు నిలుచువాడు మాలవాడైన కన్నమదాసు; ఆయనను బ్రహ్మనాయుడు కన్నకొడుకుతో సమముగా చూచుకొన్నాడని గాథ. ఆ కొడుకు బాలచంద్రుని వెంట కదనమునకు బయలుదేఱిన 'తమ్ముల'లో అనపోతరాజు బ్రాహ్మణుడు. తక్కినవారు చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు. వీరందఱు ఒకే చాపపై కూర్చుండి కుడిచిన కూటికే చాపకూడని పేరు. కార్తికమాసపు అమావాస్య మొదలుకొని ఐదు దినములు కారెంపూడిలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని వరుసగా జరుగు వీరుల తిరునాళ్ళలో, మందపోరునాడు ఆ కూడు నేటికిని వడ్డింపబడుచున్నది. ఆయుధము పట్టి ఒక ధర్మమును నిలువబెట్టెదమని బయలుదేఱిన దళము ఎవరెవరితో కూడియుండవలెనను ప్రశ్నకు, మన గడ్డ ఎనిమిదివందల యేండ్లనాడు ఇచ్చిన సమాధానము అది.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును, నాకు కలిగినది. చాప పఱచినవాడు బ్రహ్మనాయుడే గదా, రమ్మని పిలుచు అధికారమును ఆయనదే గదా, పిలిచినవాని దయమీద ఆధారపడిన సమత్వము ఎన్నాళ్ళు నిలుచును? సందేహము న్యాయమైనదే. కాని యిన్ని తరములు ఆ చాపను ఎవరును చుట్టి అటకమీద పెట్టకుండ కాపాడినది బ్రహ్మనాయుని వంశము గాదు. వీరవిద్యావంతులు కాపాడినారు. వారు మాలలు. శ్రీనాథుని పేర నున్న ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించి పండితలోకము ముందుంచుటకు ఎన్నియో తరముల ముందునుండి, వీరుల గుడి ముంగిట రాత్రులు తెల్లవార్లు ఆ గాథను గానము చేసినవారు వారు. అమెరికానుండి వచ్చిన జీన్ రోఘేరు అను విద్వాంసుడు 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ద్వారా పల్నాటి వీరుల కథను ఇంగ్లీషున వెలువరించినప్పుడు, ఆయనకు మూలమైనది తాళపత్రము గాదు, ఆలిశెట్టి గాలెయ్య అను విద్యావంతుని గానము. కన్నమదాసు ఇంతకాలము కథలో తలయెత్తుకొని నిలిచినది అందుచేతనే యని నా విశ్వాసము. పాడువాడు ఆయన వాడవాడు. పాడువాడు మఱియొకడే యైనచో, కన్నమదాసు రెండు తరములలో 'విశ్వాసపాత్రుడైన ఒక సేవకుడు'గా మాఱి, మూడవ తరమున పేరును పోగొట్టుకొని, 'ఎవడురా అక్కడ?' అనగా 'చిత్తము' అని వచ్చెడివాడై పోయియుండును.

దీనినే మఱియొకవైపునుండి చూపు సాక్ష్యమును ఆ కథలోనే యున్నది. నాయకురాలు నాగమ్మ మంత్రిణి; రాజ్యము నేలినది, సేనను నడపినది, గెలిచినది. ఆమె పేర ఒక కనుమయు మన పల్నాట కలదు. కాని ఆమె పక్షమున పాడు విద్యావంతులు లేరు. అందుచేత గెలిచిన స్త్రీ దుష్టురాలయ్యెను, ఓడినవారు వీరులై గుడులలో నిలిచిరి. పల్నాటి పుల్లరి (అడవి మేతపన్ను) ఉద్యమమునకై చెఱసాలకు పోయి, అచ్చటనే 'మాలపల్లి' వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1926లో 'నాయకురాలు' అను నాటకమును వ్రాయుటకు పూనుకొనిరనిన, ఎవరి కథకు గొంతు లేదో పసికట్టు చెవి ఆయనకుండె నన్నమాట. తరువాత సినిమాలో నాగమ్మ అదృష్టము కొంత బాగుపడినది. గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించి, ఆయన గతించిన పిమ్మట ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిన 1947నాటి 'పల్నాటి యుద్ధము'లో కన్నాంబయు, 1966నాటి చిత్రములో భానుమతియు ఆ పాత్రను ధరించిరి. అటువంటి నటీమణులు నిలుచుండిన తట్టున తక్కెడ కొంతైన వంగక మానదు.

ఇక ఖాకీ కథలకు వత్తము.

మన జిల్లాలోనిదే యైన కొండవీటి పేరు తలకెత్తుకొని 1981లో కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున 'కొండవీటి సింహం' వచ్చినది. తమిళమున శివాజీగణేశన్ నటించిన 'తంగపతక్కం' దానికి మూలము. ఇచ్చట ఎస్పీ రంజిత్‌కుమారు వేషము నందమూరి తారకరామారావుగారిది. ఆ చిత్రము తర్వాత రెండేండ్లు తిరుగకముందే ఆయన ముఖ్యమంత్రి యైనారు గనుక, ఖాకీ దుస్తులలోని ఆ పితృమూర్తికిని ఓటు వేసిన ప్రజలకును నడుమ ఏ బంధము ముడివడినదో చరిత్రకారులు వ్రాయవలసినది. 1989లో కోడి రామకృష్ణగారి 'అంకుశం' వచ్చి, సింహమునకు బదులు మండుచున్న మనిషిని తెచ్చినది. రాజశేఖరుగారి ఆ యావేశమును చూచి మన ఊళ్ళలో ఎందఱు పిల్లలు ఎస్ఐ పరీక్షకు చదువ మొదలిడిరో లెక్కలేదు. కాని ఆ యావేశపు గొంతు రాజశేఖరుగారిది కాదు, సాయికుమారుగారిది. తెరపై ఒకరి ముఖము, చీకటిలో వేఱొకరి మాట: రాజమహేంద్రవరమున జాషువాగారు చేసిన పనియే, యంత్రములు మాఱినవి, అంతే. సాయికుమారుగారు తామే ఖాకీ తొడిగి కథానాయకులై మెప్పు పొందుటకు 1996లో కన్నడమునకు పోయి 'పోలీస్ స్టోరీ' చేయవలసి వచ్చినది. చీకటిలోనుండి వెలుగులోనికి నాలుగడుగులే గదా యని మన మనుకొందుము. ఆయనకు ఆ నాలుగడుగులు పొరుగు రాష్ట్రము మీదుగా నడచినవి.

1990లో ఎ. మోహనగాంధీగారి 'కర్తవ్యం' వచ్చుట ఈ చరిత్రలో పెద్ద మలుపు. దేశమున మొదటి మహిళా ఐపీఎస్ అధికారిణిగా 1972లో ఉద్యోగమున చేరిన కిరణ్ బేడీగారి స్ఫూర్తితో మలచిన వైజయంతి పాత్రకు విజయశాంతిగారు జాతీయస్థాయిలో ఉత్తమనటి పురస్కారమును పొందిరి. ఆ వేసవి చివర మా వీథిలో ఒక బాలిక తండ్రి తోలుపటకాను గౌనుమీద బిగించికొని, పెరటి కోళ్ళను వరుసలో నిలుపుటకు రెండు నెలలు ప్రయాసపడినది. (కోళ్ళు లొంగలేదు.) అంతటి చిత్రమును తక్కువచేయుట నా యభిమతము గాదు. అయినను, పురుషుడు కూర్చుండెడి కుర్చీలో స్త్రీని కూర్చుండబెట్టినంత ధైర్యముగా ఆ కుర్చీ చుట్టునున్న లోకమును మార్పజూచిన చిత్రములు తరువాత వరుసగా రాలేదు. వైజయంతి ఒంటరి మెఱుపు. ఆ పాత్రలో జనము మెచ్చినదియు కొట్టుట, తన్నుట, గర్జించుట. అనగా మగ ఇన్స్పెక్టరు చేయు పనులే. ఠాణాకు వచ్చిన ఆడుదాని మాట వినుట యందు ఆమెకు ప్రత్యేకమైన నేర్పు ఏమైన నుండెనా యని ప్రేక్షకుడు అడుగలేదు, కథకుడు చెప్పలేదు. తెర యిట్లుండగా బయటిలోకము దానిని దాటి ముందుకు పోయినది. సబితా ఇంద్రారెడ్డిగారు 2009లో ఉమ్మడి రాష్ట్రమునకు హోంమంత్రి యైనప్పుడు దేశములోనే ఆ పదవి నందిన మొదటి మహిళ యని పత్రికలు వ్రాసినవి. ఆంధ్రప్రదేశమున 2019 మొదలుకొని మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత అని వరుసగా ముగ్గురు దళిత మహిళలు పోలీసు శాఖకు అధిపతులైరి. మన సినిమాలలో హోంమంత్రి యనగా నేటికిని నా కన్నులకు కట్టునది తెల్లచొక్కా, మెడలో గొలుసు, ప్రక్కన నలుగురు అనుచరులు గల మగవాడే.

భాష విషయము వేఱుగా ఒక ఉపన్యాసమునకు చాలినది. ఒక్క మాటతో దాటెదను. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావుగారు తెలంగాణపు యాసతో దుష్టపాత్రను పండించినప్పుడు మనమందఱము చప్పట్లు కొట్టితిమి. ఆ యాసవారికి మాత్రము, తమ తల్లిమాట విలనునకును హాస్యగానికిని అరువు పోవుచున్నదని మనసు నొచ్చుచుండెను. వారి నోట కథ లేని కాలమది. నేడు వారి నోట కథ కలదు. ఆ యాసలోనే నాయకుడు ప్రేమించుచున్నాడు, ఏడ్చుచున్నాడు, తప్పు చేయుచున్నాడు.

ఇక ముస్లిముల విషయము. 2002లో కృష్ణవంశీగారి 'ఖడ్గం'లో శ్రీకాంతుగారు పోలీసు అధికారి. ప్రకాశ్‌రాజుగారు అంజాద్ అను ఆటోడ్రైవరు. అంజాద్ మంచివాడు, దేశభక్తుడు, కథలో అందఱికంటె ఎక్కువగా బాధపడినవాడు. ఆ పాత్రను వ్రాసినవారి మనసు మంచిదే. కాని ఆ మంచితనమును అంజాద్ మాటిమాటికి నిరూపించుకొనవలసి యున్నది. పోలీసు అధికారి దేశభక్తిని మాత్రము ఎవరును ఋజువు అడుగలేదు. సాక్షి బోనులో నిలిపి, 'నీవు మంచివాడవే' అని తీర్పు చెప్పుటయు ఒక విధమైన అవమానమే. 1967నాటి అమెరికా చిత్రమొకటి, 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్', నాకు ఈ సందర్భమున గుర్తువచ్చును. మిసిసిపీ రాష్ట్రములోని చిన్న ఊరిలో హత్య జరుగగా, రైలుకై వేచియున్న నల్లజాతి మనిషిని అనుమానముతో ఠాణాకు లాగుకొనిపోవుదురు. తీరా చూడగా ఆయన ఫిలడెల్ఫియాలో తమకంటె పై తరగతి డిటెక్టివు. సిడ్నీ పోయిటియరు పోషించిన ఆ వర్జిల్ టిబ్స్ తన నిజాయతీని నిరూపించుకొనుటకు సమయము వ్యర్థపుచ్చడు. తన పనిలో తనకుగల నేర్పును చూపి, ఎదుటివారిని తన్ను గౌరవముగా పిలుచునట్లు చేయును. ఉత్తమచిత్రముగా ఆస్కారు పొందిన ఆ సినిమాను చాలవఱకు తీసినది మిసిసిపీలో గాదు, ఉత్తరమున ఇల్లినాయిస్‌లో. దక్షిణాదికి వెళ్ళుటకు పోయిటియరు సమ్మతింపలేదు. వెళ్ళినచో ప్రాణమునకు భద్రత లేదు. తెరమీద ఊరంతటి చేత 'అయ్యా' అనిపించుకొన్నవానికి, నిజముగా ఆ ఊరిలో ఒక రాత్రి పండుకొన చోటు లేకపోయినది.

మన ఠాణాలకు మరలుదము. నిజమైన ఠాణా నెఱిగినవారికి, అది ఎస్ఐగారి చుట్టు తిరుగదని తెలియును. జనరల్ డైరీ వ్రాయు రైటరు, రాత్రి బీటు తిరుగు కానిస్టేబులు, కోర్టుకు కాగితములు మోయు కోర్టు కానిస్టేబులు, ఫిర్యాదు చేయవచ్చిన తల్లిని బెంచీమీద కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చు మహిళా హోంగార్డు: వీరు లేక ఒక పూట గడవదు. ఊరిలో ఎవరు ఎవరికి దాయాదులో, ఏ మామిడితోట గట్టు ఎన్నేండ్ల తగవో తెలిసినది వీరికే. సినిమాలో వీరు అంకెలు. మూడువందల మూడనియో, నాలుగువందల రెండనియో పిలువబడుదురు, నాయకుడు జీపు దిగినప్పుడు తలుపు తెఱతురు, విలను కొట్టినప్పుడు పడిపోవుదురు. ఈ పద్ధతికి ఎదురు తిరిగిన చిత్రములలో ప్రసిద్ధమైనది 2015నాటి 'టెంపర్'. లంచగొండియైన కథానాయకుని క్రింద పనిచేయుచు, వానికి సెల్యూటు కొట్టుటకు నిరాకరించు కానిస్టేబులు నారాయణమూర్తిగా మన ఉమ్మడి గుంటూరు జిల్లావారైన పోసాని కృష్ణమురళిగారు నటించిరి. లేవని ఆ చేయి ఆ చిత్రములోని పోరాటములన్నిటికంటె బలముగా తగిలినది. ఆ పాత్రకు పేరున్నది, నిరాకరించు హక్కున్నది.

తరువాతి యేండ్లలో కొందఱు ఆ దారిని ఇంకను లోతుగా త్రవ్విరి. 2020లో కరుణకుమారుగారు తీసిన 'పలాస 1978'లో సెబాస్టియన్ అను దళిత పోలీసు అధికారి వచ్చును. ఖాకీ తొడిగినవాడందఱికి సమానుడని రాజ్యాంగము చెప్పుమాటకును, ఆ చొక్కాలోపలి మనిషి చిన్ననాటినుండి మోసికొని వచ్చిన గాయమునకును నడుమనున్న దూరమును ఆ పాత్ర కొలిచినది. చిత్రమేమనగా, 2022లో మదనపల్లె నేపథ్యముగా వచ్చిన మఱియొక చిత్రములోని రేచీకటి కానిస్టేబులు పేరును సెబాస్టియనే, ఆయన పి.సి. 524, రాత్రి కాపలాకు భయపడువాడు. చిత్రము గొప్పది కాకపోవచ్చును గాని, చూపు చాలని పోలీసును ఊహించుటకు ఒక సాహసము కావలెను. తమిళమున 2021లో వచ్చిన 'రైటర్' ఠాణా రైటరునే కథకు నడుమ నిలిపి, కులము తక్కువదని గుఱ్ఱమెక్కనీయని ఒక పోలీసు స్త్రీ కథను గూడ అందులో పొదిగినది. అశ్వదళములో చేరి గుఱ్ఱమునకు దూరమగుట! పేరులోనే గుఱ్ఱమును గల మన కవి దానిని చూచియుండిన ఏమనియుండునో.

2023లో తేజ మార్నిగారి దర్శకత్వమున శ్రీకాకుళపు నేపథ్యముతో వచ్చిన 'కోటబొమ్మాళి పి.ఎస్.' నా దృష్టిలో ఈ ప్రసంగమునకు కేంద్రము. ఉపయెన్నిక ముంగిట, ఒక ప్రమాదములో ఒక కులపు యువకుడు చనిపోగా, ఆ కులపు ఓట్ల కొఱకు ప్రభుత్వము తన పోలీసులలోనే ముగ్గురిని బలి యీయ జూచును. ఇన్నాళ్ళు వేటాడినవారు వేటకు గుఱియై పరుగిడుదురు. 'ఖడ్గం'లో అధికారియైన శ్రీకాంతుగారు ఇచ్చట హెడ్ కానిస్టేబులు. 'అంకుశం' రాజశేఖరుగారి కుమార్తె శివానిగారు ఇచ్చట ప్రాణభీతితో పరుగెత్తు మహిళా కానిస్టేబులు. వారిని తఱుముటకు వచ్చిన అధికారిణి పేరు రజియా అలీ; వరలక్ష్మీ శరత్‌కుమారుగారు ధరించిన ఆ పాత్రను, ముస్లిము గదా యని, దేశభక్తికి ఎవరును ఋజువడుగరు. ఆమె తన పని చేయుచున్నది. పని యెంత క్రూరమైనదో ఆమెకు తెలియును. 'అంకుశం' తరువాతి ముప్పది నాలుగేండ్లలో మన పోలీసు కథ సింహాసనమునుండి సెంట్రీ బల్లమీదికి దిగిన వైనము, ఈ ఒక్క చిత్రపు నటవర్గమును చూచినను తెలియగలదు.

ఇది మలయాళమున 2021లో వచ్చిన 'నాయాట్టు'కు అనువాదరూపము. మూలమును వ్రాసిన షాహీ కబీర్ కేరళలో పోలీసు ఉద్యోగము చేసినవాడు. రాజశేఖరుగారు 2022లో చేసిన 'శేఖర్'కు మూలమైన 'జోసెఫ్' గూడ ఆయన వ్రాసినదే. ఇక్కడ నాకు విద్యావంతులు మరల కనబడుదురు. బందోబస్తులో పండ్రెండు గంటలు నిలుచుండి కాలు వాచినవాడు కలము పట్టినప్పుడు, కథలోని కానిస్టేబులుకు పేరు వచ్చినది, పిల్లల చదువు వచ్చినది, భయము వచ్చినది. అయితే ఒక చిక్కు గూడ వచ్చినది, దానిని దాచుట న్యాయము గాదు. 'నాయాట్టు'లో పరుగెత్తు పోలీసులలోను దళితులున్నారు, వారిపై కేసుకై పట్టుపట్టు పక్షమును దళితులదే. అణగినవారి సంఘశక్తిని బెదరింపుగా చూపుట తగునా యని అక్కడి విమర్శకులు గట్టిగా ప్రశ్నించిరి. ఆ ప్రశ్నను నేనును ఒప్పుకొందును. పోలీసు నోటనున్న కథలో పోలీసు బాధ బాగుగా వినబడును. ఠాణా బెంచీమీద కూర్చుండినవాని బాధ అంతగా వినబడదు. వాని కథకు వాని వాడలో ఒక గాలెయ్య పుట్టవలెను. ఒకే విద్యావంతుడు ఇరుపక్షములను సమముగా పాడుట అరుదు. నాగమ్మ గతియే అందుకు సాక్షి.

మన పల్నాటి సంగతి చెప్పక ఈ వేదిక దిగుట న్యాయము గాదు. భారతీరాజాగారి తమిళ చిత్రము 'కిళక్కు చీమయిలే'ను తెలుగు చేసినప్పుడు, 1994లో దానికి 'పల్నాటి పౌరుషం' అని పేరు పెట్టిరి. 2013లో విశాల్ నటించిన 'పాండియనాడు' తెలుగునకు డబ్బింగు కాగా 'పల్నాడు' అయినది. మధుర వీథులలో జరిగిన కథకు మన ఊరి పేరు! తమిళుని పౌరుషమును తెలుగున చెప్పవలసివచ్చిన ప్రతిసారియు మనమే గుర్తువత్తుము కాబోలు. చాపకూడు పెట్టినవాని పేర 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో చాప కనబడలేదు, కత్తులు మాత్రము కనబడినవి. 2022లో 'మాచర్ల నియోజకవర్గం' వచ్చినది. అందులో మాచర్ల యనగా ఒక దుర్మార్గుని భయముచే ఎన్నికలే జరుగని చోటు, దానిని ఉద్ధరించుటకు వచ్చువాడు విశాఖపట్టణమునుండి వచ్చిన కలెక్టరు. మనలను మనము రక్షించుకొనలేమన్న ఊహ ఆ కథకు ఇరుసు. పుల్లరి కట్టబోమని ఎదురు నిలిచి 1922లో తుపాకి గుండ్లకు ఒరిగిన కన్నెగంటి హనుమంతు ఊరు అక్కడికి ఎంత దూరము?

మనయందు దోషము లేదని నేననను. 2024 మే నెల ఎన్నికల దినములలో మాచర్ల, నరసరావుపేట, గురజాలలలో ఏమి జరిగినదో మీరు కన్నులార చూచితిరి; 144వ సెక్షను నీడలో మన వీథులు ఎట్లుండెనో నేను మీకు చెప్పనక్కఱలేదు. ఆ యలజడిలో ఎన్నికల సంఘము జిల్లా ఎస్పీని తొలగింపగా, ఆ స్థానమునకు వచ్చినవారు మలికా గర్గు, ఒక మహిళ. ఆ దినములలో మా వీథి చివరి పికెట్టులో నిలిచినవారిలో ఇద్దఱు ఆడపిల్లలు, ఒక సుగాలీ యువకుడు, నమాజు వేళకు తోడివానికి లాఠీ అప్పగించి పోయివచ్చు ఒక నడివయసు హెడ్ కానిస్టేబులు నుండిరి. నలుగురును అరుగుమీద ఒకే స్టీలు క్యారియరు విప్పుకొని తినుట నేను మేడమీదనుండి చూచితిని. ఈ దృశ్యము ఏ కథలోను నేను చదువలేదు, ఏ తెరపైనను చూడలేదు. మాచర్లపేర సినిమా తీయువారు మాచర్లలో ఒక నెల యద్దెకుండిన చాలును. కల్పన చేయనక్కఱలేనంత వైవిధ్యము పికెట్టు అరుగుమీదనే దొరకును.

పలకరింపగా పలకరింపగా ఆ హెడ్ కానిస్టేబులు నాకు కొంత చనువైనాడు. సంభాషణ సినిమాలమీదికి పోయినది. పోలీసు సినిమాలలో నీకేది యిష్టమని అడిగితిని. అన్నియు వినినానని చెప్పెను. చూచితినని అనబోయి వినినానన్నాడేమో యని సరిదిద్దబోగా, కాదు, నిజముగా వినుటయే యన్నాడు. ఉద్యోగమున చేరిననాటినుండి పెద్ద సినిమా ఏది విడుదలయైనను, మొదటి ఆటకు హాలులోపల అతనికి బందోబస్తు పడుచుండును. తెరకు వీపు త్రిప్పి, ఈలలు వేయు జనమువైపు ముఖము పెట్టి నిలుచుండవలెను. మూడుగంటలును తెర వెలుగు ఎదుటివారి ముఖములమీద ఆడుచుండుటను చూచుచు, వెనుకనుండి వచ్చు మాటలనుబట్టి, దెబ్బల చప్పుడునుబట్టి కథ కూర్చుకొనును. మఱునాడు భార్యకు ఆ కథ యంతయు చెప్పును. జాషువాగారు మాట లేని బొమ్మకు మాట కూర్చినారు. ఇతడు బొమ్మ లేని మాటకు బొమ్మ కూర్చుచున్నాడు. ఒక్క సినిమాలో మాత్రము తాను పొరబడితినని నవ్వుచు ఒప్పుకొనెను. అందులో మొదటి సగమున చుఱుకుగా మాటాడు కానిస్టేబులొకడు ఉండెనట. విశ్రాంతి తరువాత వాని గొంతు వినబడలేదట. ఏండ్ల తరువాత టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడు చూడగా తెలిసినది, విలను వానిని చంపివైచినాడని.

"చచ్చిపొయ్యాడని నాకేం తెలుసు మాస్టారూ," అన్నాడు, "గొంతు ఇనపళ్ళేదు గదా, బదిలీ అయిందేమో అనుకున్నా."